అమ్మది టీబీ కాదట, మరి ఈ కోతి పేరు క్రిమి ఏమిటి?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలిది. పేరు, ఊరు రాయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి, ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"మా అమ్మకు 62 ఏళ్లు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మా ఊళ్లో అన్న, వదినల దగ్గర ఉంటుంది. 2017లో టీబీ వస్తే ఆరు నెలలు మందులు వాడింది, తగ్గింది. పోయినేడు దసరా తర్వాత మళ్లీ దగ్గు పట్టుకుంది. 51 కిలోల మనిషి 44కి వచ్చింది. తెమడ పరీక్షలో రెండు ప్లస్‌లు వచ్చాయి, సీబీనాట్‌లో మాత్రం టీబీ లేదని వచ్చింది. అయినా పాత టీబీ తిరగబెట్టిందని మళ్లీ కోర్సు మొదలుపెట్టారు. రెండు నెలలు కాస్త తేరుకున్నట్టే ఉంది, తర్వాత మళ్లీ మామూలే. నాలుగో నెలలో కూడా తెమడ పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్. మందులకు లొంగని టీబీ కావచ్చు అన్నారు. టెన్షన్ వచ్చేసి అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చాను. కల్చర్ చేయిస్తే ఐదు వారాలకు 'ఎన్‌టీఎం, జాతి గుర్తించలేదు' అని రిపోర్టు ఇచ్చారు. అదే కల్చర్‌ను ఇంకో ల్యాబ్‌కు పంపిస్తే 'మైకోబ్యాక్టీరియం సిమియే' అన్నారు. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ బ్రాంకియెక్టాసిస్, చిన్న చిన్న గడ్డలు ఉన్నాయన్నారు, పెద్ద రంధ్రాలేమీ లేవు. ఒక డాక్టరు ఏడాదిన్నర మందులు వెంటనే మొదలుపెట్టాలంటున్నారు. ఇంకొకరు అది నీళ్లలోంచి వచ్చిన క్రిమి, వదిలేయమంటున్నారు. సిమియే అంటే కోతి అని ఫోన్‌లో చూసి అన్నకు చెప్పాను. మా ఇంటి మీద రోజూ కోతుల మందే. అప్పటి నుంచి అమ్మను డాబా ఎక్కనివ్వడం లేదు. వదిన ఏడాదిగా అమ్మకు పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టింది. మూడేళ్ల మనవడిని దగ్గరికి పోనివ్వదు. 'ఇన్ని మందులు మింగినా పోని రోగం ఇంకెప్పుడు పోతది, నన్ను వదిలేయండి' అంటోంది అమ్మ. మొదటే హైదరాబాద్ తీసుకొస్తే బాగుండేదని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జత చేసిన రిపోర్టులన్నీ తేదీల వరసలో బల్ల మీద పెట్టుకుని చూశాను. నేను మందులు రాసే డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్లు టీబీ ల్యాబ్‌లో తెమడ స్లైడ్లు, కల్చర్ ట్యూబులు చూసినదాన్ని. అందుకే నాకు బాగా తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మీ రిపోర్టుల్లో ఒకటి చెప్పింది ఇంకోటి కాదనడం లేదు. ఒక్కో రిపోర్టు ఒక్కో ముక్క చెబుతోంది, అంతే.

తెమడ పరీక్షలో ఏం చేస్తామంటే, స్లైడు మీద ఎర్ర రంగు పోసి, కింద నుంచి వేడి చేసి, ఆ తర్వాత యాసిడ్‌తో కడుగుతాం. మామూలు బ్యాక్టీరియా రంగు వదిలేస్తుంది. మైనం లాంటి పొర ఉన్న మైకోబ్యాక్టీరియా మాత్రం వదలదు. మైక్రోస్కోప్‌లో చూస్తే నీలం మీద సన్నటి ఎర్రటి పుల్లల్లా కనిపిస్తుంది. అమ్మకు వచ్చిన రెండు ప్లస్‌లకు అర్థం, చూసిన ప్రతిచోటా ఒకటి నుంచి పది దాకా ఆ పుల్లలు ఉన్నాయని. కానీ ఆ పుల్ల టీబీదా, దాని చుట్టాలదా అన్నది ఎంత అనుభవం ఉన్న కంటికైనా తెలియదు. ఈ కుటుంబంలో దాదాపు 200 జాతులున్నాయి. టీబీ, కుష్టు తెచ్చేవాటిని పక్కన పెడితే మిగిలినవన్నీ ఎన్‌టీఎం, అంటే టీబీవి కాని మైకోబ్యాక్టీరియా. మట్టిలో, చెరువుల్లో, కుళాయి పైపుల లోపల పేరుకునే జిగురులో ఉంటాయి. మనం రోజూ పీలుస్తూ, తాగుతూనే ఉంటాం. చాలామందికి ఏమీ కాదు.

సీబీనాట్ వెతికేది టీబీ క్రిమి జన్యువును మాత్రమే. దాని చుట్టాల జోలికి పోదు. స్లైడులో అన్ని క్రిములు కనబడుతున్నాయి, సీబీనాట్ మాత్రం రెండుసార్లూ లేదంటోంది అంటే, ఉన్నవి టీబీవి కాకపోవచ్చు అని అర్థం. మీకు దొరికిన మొదటి ఆనవాలు అదే. అప్పుడే కల్చర్‌కు పంపి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి. ఈ మాట మీ ఊరి వైపు డాక్టరుగారిని తప్పుపట్టడానికి కాదు. ఇంత టీబీ ఉన్న దేశంలో, అదీ ఒకసారి టీబీ వచ్చిన మనిషికి స్లైడు పాజిటివ్ వస్తే, ఎవరి చేయైనా టీబీ మందుల వైపే పోతుంది. కానీ ఇది చదివే మిగతావాళ్లు గుర్తు పెట్టుకోవాలని చెబుతున్నాను. స్లైడు పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్ అని రెండూ కలిసి వస్తే కల్చర్ ఎందుకు పంపడం లేదని అడగండి. మందులకు లొంగని టీబీ అని మొండి టీబీ మందులు మొదలుపెట్టే ముందైతే తప్పకుండా అడగండి. ఎన్‌టీఎం ఉన్నవాళ్లు అలా ఆ మందుల్లోకి వెళ్లిపోవడం నేను చూశాను. మీరు అమ్మను సరైన సమయంలోనే అక్కడి నుంచి పక్కకు తీసుకొచ్చారు.

ఇక కల్చర్. తెమడను ద్రవం ఉన్న ట్యూబులో వేసి 37 డిగ్రీల వెచ్చదనంలో 42 రోజుల దాకా ఉంచుతాం. ఏదైనా పెరిగితే దాన్నుంచి ఒక చుక్క తీసి గర్భ పరీక్ష కార్డు లాంటి చిన్న కార్డు మీద వేస్తాం. టీబీ అయితే రెండు గీతలు వస్తాయి. అమ్మ రిపోర్టులో 'ఎంపీటీ 64 నెగెటివ్' అని రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి, అంటే ఒక్క గీతే వచ్చింది. పెరిగింది టీబీ కాదు.

మరి ఒక ల్యాబ్ జాతి తెలియలేదంది, ఇంకో ల్యాబ్ పేరు పెట్టి చెప్పింది, ఎవరిని నమ్మాలి? ఇద్దర్నీ నమ్మొచ్చు. జాతి కనిపెట్టడానికి అగ్గిపుల్ల కంటే కాస్త పొడుగుండే తెల్లటి స్ట్రిప్ వాడతారు. దాని మీద ఒక్కో చోట ఒక్కో జాతి జన్యువు ముక్క అంటించి ఉంటుంది. క్రిమి జన్యువు దానికి అతుక్కున్న చోట గీత తేలుతుంది. ఈ స్ట్రిప్‌లు రెండు రకాలు. సీఎం అనే మొదటి దాంట్లో ఏవియం, కాన్సాసీ, యాబ్సెసస్, ఫోర్చుయిటం లాంటి తరచూ కనబడే జాతులుంటాయి. సిమియేకు అందులో చోటు లేదు. 'ఇది మైకోబ్యాక్టీరియానే' అనే గీత ఒక్కటి తేలి ఆగిపోతుంది. ఏఎస్ అనే రెండో స్ట్రిప్‌లో అరుదైన జాతులుంటాయి, సిమియే అందులో ఉంది. మొదటి ల్యాబ్ తన దగ్గరున్న జాబితా మేరకు నిజాయితీగా తెలియలేదని రాసింది. తోచిన పేరేదో రాసేయకుండా ఆగినందుకు నాకు ఆ ల్యాబ్ మీద గౌరవమే కలిగింది.

అయితే స్ట్రిప్ చెప్పిన పేరుకు కూడా ఒక హద్దుంది. సిమియేకు లెంటిఫ్లావమ్, ట్రిప్లెక్స్ లాంటి దగ్గరి చుట్టాలున్నాయి, ఇలాంటి అరుదైన జాతుల్లో ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే అవకాశం ఉంటుంది. పేరు ఖాయం చేయాలంటే జన్యువు అక్షరాలే చదవాలి, సీక్వెన్సింగ్ అంటారు. 16ఎస్ అనే జన్యువుతో పాటు హెచ్‌ఎస్‌పీ 65 గానీ, ఆర్‌పీఓబీ గానీ కలిపి చదివితే మంచిది. 16ఎస్ ఒక్కటే కొన్ని జంటలను విడదీయలేదు. ఉదాహరణకు ఊపిరితిత్తుల జబ్బు చేసే కాన్సాసీకి, మనుషులకు దాదాపు హాని చేయని గాస్ట్రీకి అది ఒకేలా ఉంటుంది. మాల్డీ టాఫ్ అనే యంత్రంతో క్రిమి ప్రోటీన్లను బట్టి కూడా కనిపెడతారు, పెద్ద కార్పొరేట్ ల్యాబ్‌ల్లో ఉంటుంది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, ఆగ్రాలోని జాల్మా సంస్థ ఈ కుటుంబం మీదే దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. కల్చర్‌ను అక్కడికి పంపే వీలుందేమో మీ డాక్టరుగారినే కనుక్కోమనండి. అన్నిటికంటే ముందు, అమ్మ కల్చర్‌ను పారేయకుండా దాచి పెట్టమని రెండో ల్యాబ్‌కు రేపే ఫోన్ చేసి చెప్పండి. కొన్నాళ్లకు పారేస్తారు. పారేశాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? ఈ క్రిముల్లో పేరును బట్టే అన్నీ మారిపోతాయి. గోర్డొనే అని వస్తే, కుళాయి నీళ్లది తెమడ డబ్బాలోకి వచ్చిందని చాలాసార్లు పక్కన పెట్టేస్తారు. కాన్సాసీ అయితే రిఫాంపిసిన్ అనే టీబీ మందు ఉన్న కాంబినేషన్‌కు బాగా లొంగుతుంది. యాబ్సెసస్ అయితే ఇంజెక్షన్లు కూడా పెట్టాల్సి వస్తుంది, అయినా మొండికేస్తుంది. 'ఎన్‌టీఎం' అన్న ఒక్క మాట చూసి మందులు మొదలుపెట్టడం కవరు మీద పేరు లేకుండా ఉత్తరం పోస్టు చేసినట్టే.

కోతుల సంగతి చెబుతాను, మీ అన్నకు ఈ పేరా చదివి వినిపించండి. ఈ క్రిమిని 1965లో మొదట రీసస్ కోతుల్లో కనిపెట్టారు. మన దేశం నుంచి హంగరీకి తీసుకెళ్లిన కోతులవి. పేరు అలా వచ్చింది. తర్వాత మనుషుల్లో దొరికిన చోట్ల ఎక్కువగా వేలు చూపించింది నీటి సరఫరా వైపే. అమెరికాలో టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రిలో చాలామంది తెమడలో ఒక్కసారిగా ఇది కనబడితే, వెతగ్గా వెతగ్గా ఆసుపత్రి నీళ్లలో తేలింది. అక్కడ చాలామందికి జబ్బే లేదు, నీళ్లే పరీక్షలోకి వచ్చాయి. కాబట్టి డాబా మీది కోతులు ఈ క్రిమిని తెచ్చాయనుకోవడానికి కారణం లేదు. పొద్దుటి ఎండలో అమ్మ డాబా మీద కూర్చోవడమే మంచిది. కోతులు మీద పడకుండా చేతిలో కర్ర ఉంటే చాలు.

ఆ టెక్సాస్ సంగతి చూస్తే మీ రెండో డాక్టరుగారి మాటలో బలం ఎక్కడుందో తెలుస్తుంది. సిమియే తెమడలో కనబడినంత మాత్రాన జబ్బు దానివల్లే అనలేం. అందుకే అమెరికా, యూరప్ వైద్య సంఘాలు కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడు విషయాలు కలవాలన్నారు. లక్షణాలుండాలి. సీటీలో దానికి తగిన మార్పులుండాలి, వేరే జబ్బు కాదని తేలాలి. వేర్వేరు రోజుల్లో తీసిన కనీసం రెండు తెమడ కల్చర్లలో ఒకే జాతి రావాలి, లేదంటే బ్రాంకోస్కోపీతో, అంటే సన్నటి గొట్టం లోపలికి పంపి, ఊపిరితిత్తిలోంచి తీసిన నీళ్లలో ఒక్కసారి వచ్చినా చాలు. అమ్మకు మొదటి రెండూ ఉన్నాయి. మూడోది సగమే ఉంది. మీ దగ్గర రిపోర్టులు రెండున్నా, రెండు ల్యాబ్‌లూ చూసింది ఒకే తెమడను, ఒకే కల్చర్‌ను. అది ఒకటిగానే లెక్క.

మొదటి డాక్టరుగారి మాటలోనూ బలం ఉంది. నీళ్లలోంచి ఏదో ఒక క్రిమి డబ్బాలో పడితే సాధారణంగా స్లైడులో కనబడేంత ఉండదు. నెలల తేడాతో స్లైడు పాజిటివ్ వస్తోంది, ఏడు కిలోలు తగ్గింది, సీటీలో గడ్డలున్నాయి. నా మనసు కూడా ఇది నిజమైన జబ్బే అనే వైపు మొగ్గుతోంది. కానీ మొగ్గడం వేరు, తేలడం వేరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, మందులు ఇప్పుడే మొదలుపెట్టడం. అమ్మకు ఊపిరి ఆడక ఆయాసం పెరుగుతున్నా, తెమడలో రక్తం పడుతున్నా, స్కాన్ త్వరత్వరగా మారుతున్నా నేనూ ఆగమని చెప్పను. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు. ఇప్పుడే మొదలుపెడితే కలిగే నష్టం, తర్వాత పేరు వేరని తేలితే మళ్లీ మందులు మార్చాలి. అంతకంటే పెద్దది, మందులు పడ్డాక తెమడలో క్రిమి పెరగడం తగ్గిపోయి ఆ రెండో కల్చర్ రాకపోవచ్చు. అప్పుడు ఏడాదిన్నర పాటు దేనికి మందులు వాడుతున్నామో తెలియకుండానే వాడాలి.

రెండోది, ఆరేడు వారాలు ఆగి తెమడ మూడుసార్లు సరిగ్గా తీసి పంపడం. ఇవి మెల్లగా నడిచే జబ్బులు కాబట్టి ఆ కొద్ది వారాల వల్ల అమ్మకు పెద్ద నష్టం ఉండదని నా నమ్మకం. ఆ మాట మాత్రం అమ్మను చూస్తున్న డాక్టరు నోటి నుంచి కూడా వినండి. తీసే పద్ధతి ముఖ్యం. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, కాచి చల్లార్చిన నీళ్లతో నోరు పుక్కిలించాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు వద్దు, మనకు కావాల్సిన క్రిమి వాటిలోనూ ఉండొచ్చు. తర్వాత లోతుగా రెండు మూడు సార్లు ఊపిరి పీల్చి, దగ్గి, లోపల నుంచి వచ్చిన చిక్కటి తెమడ పట్టాలి. ఉమ్మి కాదు. కొత్త డబ్బానే వాడాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మూడూ వేర్వేరు రోజులవి ఉండాలి, ఒక వారం వ్యవధిలో తీసినా సరే. ఫారంలో 'టీబీ చికిత్సలో ఉన్నారు, గతంలో సిమియే వచ్చింది, జాతి నిర్ధారణ కావాలి' అని రాయించండి. ఆ ఒక్క వాక్యం చూస్తే ల్యాబ్‌లో మాలాంటివాళ్లం ఆ ట్యూబును వేరే కంటితో చూస్తాం.

అమ్మకు తెమడ సరిగ్గా రాకపోతేనే బ్రాంకోస్కోపీ మాట. ఒక్క పరీక్షతో తేలిపోతుంది, కానీ 44 కిలోల మనిషికి అదీ ఒక శ్రమే. మొదటే అక్కడికి వెళ్లక్కర్లేదు.

ఇక ఏమీ చేయకుండా వదిలేయడం. అది మాత్రం వద్దు. మందులు వాడకుండా గమనిస్తూ ఉండటం అనేది వేరు, చాలామందికి అది మంచి దారే. కానీ అందులో ప్రతి రెండు మూడు నెలలకు బరువు, తెమడ, కొన్నాళ్లకు మళ్లీ సీటీ చూసుకుంటూ ఉండాలి. రెండో డాక్టరుగారు 'పట్టించుకోవద్దు' అన్నప్పుడు ఈ రెండింట్లో ఏది అన్నారో మరోసారి అడగండి.

ఈలోగా టీబీ కోర్సు ఏం చేయాలి? కల్చర్ రిపోర్టు పట్టుకుని వెళ్లి ఆ మందులు రాసిన డాక్టరుతోనే ఆపించండి, ఇంట్లో మీరే ఆపేయకండి. మొదటి రెండు నెలలు కాస్త నయమనిపించిందన్నారు. టీబీ కోర్సులోని రిఫాంపిసిన్ మామూలు బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది, పాడైన ఊపిరి గొట్టాల్లో పేరుకున్న వేరే ఇన్ఫెక్షన్ తగ్గి అలా అనిపించి ఉండొచ్చు. సిమియే మాత్రం మామూలు టీబీ మందులకు సాధారణంగా లొంగదు. ఇంకో జాగ్రత్త చాలా ముఖ్యం. దగ్గు పెరిగిందని మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు రోజులు, ఐదు రోజులు కొనివ్వకండి. రేపు ఈ క్రిమిపై మనకు పనికొచ్చే ముఖ్యమైన మందుల్లో అదొకటి. విడిగా, విడతలు విడతలుగా ఇస్తే క్రిమి దానికి అలవాటు పడిపోతుంది.

రెండు కల్చర్లలో సిమియే తేలిందనుకుందాం. అప్పుడు నేను దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఈ జాతికి, కాన్సాసీకి ఉన్నట్టు, అందరూ ఒప్పుకున్న ఒక కాంబినేషన్ లేదు. అజిత్రోమైసిన్ లేదా క్లారిత్రోమైసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్, క్లోఫాజిమిన్, అవసరమైతే అమికాసిన్, వీటిలోంచి కొన్ని కలిపి ఇస్తుంటారు. తెమడ కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాది పాటు వాడాలి కాబట్టే ఏడాదిన్నర లెక్క వచ్చింది. అమికాసిన్‌తో చెవులు, కిడ్నీలు చూసుకోవాలి. అజిత్రోమైసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిస్తే మధ్యమధ్య ఈసీజీ తీయించాలి. క్లోఫాజిమిన్‌తో చర్మం ఎర్రబారి నల్లబడుతుంది. ఈ ఒక్కటి అమ్మకు ముందే చెప్పండి, తర్వాత అద్దంలో చూసుకుని జబ్బు ముదిరిందనుకుంటారు. ప్రభుత్వ టీబీ కార్యక్రమం టీబీ కోసం, ఈ మందులు చాలావరకు కొనుక్కోవాల్సి వస్తుంది. నెలకు ఎంతవుతుందో మొదలుపెట్టకముందే లెక్క వేసుకుని అన్నతో కూర్చుని మాట్లాడుకోండి. మధ్యలో డబ్బుల్లేక ఆపడం కంటే నెల ఆలస్యంగా మొదలుపెట్టడం మేలు. ఛాతీ డాక్టరుతో పాటు అంటువ్యాధుల నిపుణులు కూడా ఒకసారి చూస్తే ఇంకా మంచిది.

మందులు ఎప్పుడు మొదలైనా, మొదలవకపోయినా ఈ రోజు నుంచే చేయగలిగింది ఉంది. బ్రాంకియెక్టాసిస్ అంటే వెడల్పై, సాగిపోయిన ఊపిరి గొట్టాలు. 2017 టీబీ వదిలి వెళ్లిన మచ్చల్లో ఇదొకటై ఉండొచ్చు. అక్కడ తెమడ నిలవ ఉంటేనే ఈ క్రిములు కాపురం పెడతాయి. ఆ తెమడను రోజూ బయటికి తెచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి. గుడ్డు, పప్పు, పెరుగు, పల్లీలు, ఏది ఇష్టపడితే అది రోజుకు ఒక పూట ఎక్కువగా తినిపించండి. బరువు పెరగడం కూడా చికిత్సలో భాగమే.

చివరికి మీ ఇంటి సంగతి. ఎన్‌టీఎం సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటుకోదు. ఒక రకం పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల మధ్య యాబ్సెసస్ అలా పాకిందన్న అనుమానం ఉంది, మీ ఇంటికి అది వర్తించదు. మనవడికి నానమ్మ వల్ల భయం లేదు. అసలు టీబీ అయినా గాలి ద్వారా అంటుకునేదే, పళ్లెం, గ్లాసు ద్వారా కాదు. ఆ పళ్లెం మొదటి రోజు నుంచే అవసరం లేదు. మీ వదినను నేను నిందించను. చిన్నపిల్లాడు ఉన్న ఇంట్లో ఏడాదిగా అమ్మకు వండి పెట్టి, మాత్రలు గుర్తు చేసి చూసుకున్నది ఆమే. ఎవరూ ఆమెకు ఈ సంగతి వివరంగా చెప్పలేదు. మీరు ఫోన్‌లో 'నువ్వు తప్పు చేశావు' అన్నట్టు కాకుండా, రిపోర్టు పట్టుకుని పక్కన కూర్చుని చెప్పండి. ఆ ఒక్క గీత కార్డు సంగతి కూడా చెప్పండి, నమ్మకం కుదురుతుంది.

మీ తప్పు సంగతికొస్తే, స్లైడు పాజిటివ్ అన్నప్పుడు మీరు నమ్మింది డాక్టరునే. నాలుగో నెలలో అది చాలదనిపించి అమ్మను ఇక్కడిదాకా తెచ్చిందీ మీరే. మొదటి ల్యాబ్ తెలియదంటే అక్కడితో ఆపకుండా రెండో ల్యాబ్‌కు పంపించిందీ మీరే. అంతమాత్రం చేసే పిల్లలు లేక, ఏ క్రిమో తెలియకుండానే మందులు మార్చుకుంటూ పోయినవాళ్లను నేను చాలామందిని చూశాను.

అమ్మ 'వదిలేయండి' అనడం మందులకు విసిగి అన్న మాటో, వేరు పళ్లెంలో తిని తిని అన్న మాటో ఒక్కసారి గమనించండి. ఈ ఆదివారం ఊరికి వెళ్తానని రాశారు కదా. ముందు ఆ పళ్లెం సంగతి తేల్చి, అందరితో పాటు కూర్చోబెట్టి అమ్మకు అన్నం పెట్టండి. తెమడ డబ్బాలు, కాచిన నీళ్లు సోమవారం పొద్దునకు.